ఫిల్ము మీది చుక్కలన్నీ రేడియేషన్ కావు: అణు ప్రమాదాన్ని చూపించిన చిత్రాల గురించి

మీరు అడిగినవి మూడు సంగతులు. కంటికి కనిపించని రేడియేషన్‌ను ఫొటోగ్రాఫర్లు, చిత్రకారులు ఎలా చూపించగలిగారు? చెర్నోబిల్ ఫొటోల్లో కనిపించే తెల్లచుక్కలు, చారలు నిజంగా రేడియేషనేనా? కాలేజీ ప్రాజెక్టు కోసం, యురేనియం గని ఉన్న తుమ్మలపల్లి నుంచి మట్టి తెచ్చి ఫిల్ము మీద పెడితే ఏమైనా వస్తుందా? మూడోదానికి ముందే జవాబు చెబుతాను: ఆ పని చేయకండి. ఎందుకు వద్దంటున్నానో, దాని బదులు ఏం చేయవచ్చో చివర రాస్తాను.

నేను కళాకారుణ్ణి కాదు. పైపుల వెల్డింగ్ అతుకుల్లో పగుళ్లు వెతకడానికి రేడియోధార్మిక ఇరిడియం-192తో ఫిల్ములు తీసే పనిలో చాలా ఏళ్లు ఉన్నాను. ఛాతీకి రేడియేషన్ మోతాదు కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి, వేళ్లకు వదలని ఫిక్సర్ (ఫిల్ము మీది బొమ్మను నిలిపే రసాయనం) వాసన. మేము లోపాలు వెతకడానికి చేసే పనినే కొందరు కళాకారులు పూర్తిగా వేరే ఉద్దేశంతో చేస్తున్నారని తెలిశాక ఈ విషయం మీద ఆసక్తి పుట్టింది. కాబట్టి జవాబులో కళ కంటే డార్క్‌రూమ్ ఎక్కువ కనిపిస్తే ఏమీ అనుకోకండి.

అసలు రేడియోధార్మికత మనిషికి మొదట పట్టుబడిందే ఫొటో ప్లేటు మీద. 1896 ఫిబ్రవరి చివర పారిస్‌లో మబ్బు పట్టింది. యురేనియం లవణాలను ఎండలో పెట్టి ప్రయోగం చేయాలనుకున్న హెన్రీ బెకెరల్ ఎండ లేక వాటిని ప్లేట్లతో సహా సొరుగులో పడేశాడు. మార్చి 1న ఎందుకో ప్లేటు కడిగి చూస్తే లవణం ఉన్నచోట నల్లటి మచ్చ తేలింది. మధ్యలో పెట్టిన రాగి శిలువ నీడ కూడా పడింది. ఎండ తగలకుండానే లవణం తన బొమ్మ తాను గీసుకుంది. ఫిల్ములో ఉండే సిల్వర్ బ్రోమైడ్ రేణువుకు తనను తాకింది వెలుతురా, గామా కిరణమా అన్న పట్టింపు లేదు. చాలినంత శక్తి అందితే చాలు, ఫిల్ము కడిగే రసాయనమైన డెవలపర్‌లో నల్లబడుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతావన్నీ సులభంగా అర్థమవుతాయి.

కళాకారుల కంటే ముందు దీన్ని గమనించింది వ్యాపారులు. 1945లో కొడాక్ కంపెనీకి, ఎక్స్‌రే ఫిల్ముల మీద అకారణంగా మచ్చలు వస్తున్నాయని ఫిర్యాదులు మొదలయ్యాయి. కంపెనీ శాస్త్రవేత్త జూలియన్ వెబ్ కూపీ లాగితే తప్పు ఫిల్ములో లేదు, ఫిల్ము షీట్ల మధ్య పెట్టే గడ్డి అట్టలో ఉందని తేలింది. అట్ట తయారైంది ఇండియానా రాష్ట్రం విన్సెన్స్‌లోని మిల్లులో. ఆ మిల్లు నది నీళ్లు వాడేది. జులై 16న న్యూమెక్సికోలో జరిగిన మొదటి అణుపరీక్ష ధూళి వెయ్యి మైళ్లకు పైగా ప్రయాణించి వానతో నదిలోకి, నది నుంచి అట్టలోకి, అట్ట నుంచి ఫిల్ము మీదికి చేరింది. అందులో సీరియం-141 ఉందని వెబ్ గుర్తించి, 1949లో ప్రచురించాడు.

తరువాతి కథ ఇంకా చేదు. 1951లో నెవాడాలో పరీక్షలు మొదలవగానే కంపెనీ ఉండే ఊరు రోచెస్టర్‌లో కురిసిన మంచులో రేడియోధార్మికత పెరిగినట్టు కొడాక్ కనిపెట్టింది. దావా వేస్తామని హెచ్చరిస్తే అమెరికా అణుశక్తి కమిషన్ దిగివచ్చి, ధూళి ఎటు పోవచ్చో ఫిల్ము కంపెనీలకు ముందుగా చెప్పడానికి ఒప్పుకుంది. అదే గాలి కింద ఆవుపాలు తాగుతున్న పిల్లల తల్లిదండ్రులకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఫిల్ముకు దక్కిన రక్షణ మనుషులకు దక్కకపోవడం అనే ఈ సంగతి దగ్గర నేను ఎప్పుడూ కాసేపు ఆగిపోతాను.

ఇక చేప. 1946 జులై 25న బికినీ దీవి దగ్గర అమెరికా నీటి అడుగున బాంబు పేల్చింది. గురిగా నిలిపిన ఓడల మీద రేడియోధార్మిక నీళ్లు వెల్లువలా పడ్డాయి. నావికులు చీపుళ్లు, సబ్బు నీళ్లు పట్టుకుని డెక్కులు తోమారు. కంటికి ఓడలు శుభ్రంగానే కనిపించాయి. రేడియేషన్ భద్రత చూస్తున్న డాక్టర్ స్టాఫర్డ్ వారెన్ ఆపమని మొత్తుకుంటున్నా అధికారులకు చెవికెక్కలేదు. ఆగస్టు 10న ఆయన అడ్మిరల్ బ్లాండీ ముందు ఒక ఫిల్ము పెట్టాడు. అందులో ఉన్నది చేప. ఎక్స్‌రే యంత్రం ఏదీ లేదు, చేపను ఫిల్ము మీద ఉంచారంతే. అది తిన్నదీ, ఒంటికి పట్టినదీ కలిసి దాని ఆకారాన్ని లోపలి నుంచి వెలిగించాయి. ఓడలు తోమే పనిని బ్లాండీ అప్పుడు ఆపించాడు. లెక్కలూ రీడింగులూ సాధించలేనిది ఒక చేప బొమ్మ సాధించింది. దీన్ని ఆటోరేడియోగ్రాఫ్ అంటారు. ఈ చిత్రాల్లో ఒక నిర్ణయాన్ని నేరుగా మార్చినది ఏదని అడిగితే నేను ఈ చేపనే చెబుతాను. తీసినవాళ్లు కళాకారులు కారు, గోడకు తగిలించాలని తీసిందీ కాదు.

మీ రెండో ప్రశ్న చెర్నోబిల్. 1986 ఏప్రిల్ 26న రియాక్టర్ పేలిన రోజే ప్లాంటు సొంత ఫొటోగ్రాఫర్ అనతోలీ రస్కాజొవ్ శిథిలాలను ఫొటోలు తీశాడు. వార్తాసంస్థ ఫొటోగ్రాఫర్ ఇగోర్ కోస్తిన్ హెలికాప్టర్ కిటికీలోంచి తీసిన రీలు కడిగితే దాదాపు అంతా నల్లబడిపోయిందని, పనికొచ్చే ఫ్రేము ఒకటే మిగిలిందని ఆయనే చెప్పుకున్నాడు. అది ఉప్పు చల్లినట్టు గరుకుగా ఉంటుంది. ఆ ఏడాది శరదృతువులో ఆయన రియాక్టర్ పక్క కప్పు మీదికి కూడా ఎక్కాడు. రోబోలు మొరాయించిన చోట సైనికులు ఒంటికి సీసపు రేకులు కట్టుకుని పరిగెత్తి, రియాక్టర్ లోంచి ఎగిరిపడిన గ్రాఫైటును ఒక పారెడు కిందికి తోసి వెనక్కి వచ్చేవారు. ఒక్కొక్కరికి ఇచ్చిన సమయం సెకన్లలోనో, రెండు మూడు నిమిషాల్లోనో ఉండేది. అలా 3 వేల మందికి పైగా ఎక్కారు. ఆ ఫొటోల్లో కొన్నింటి అడుగు అంచు నుంచి తెల్లటి చారలు పొగలా పైకి లేస్తుంటాయి. కెమెరా కింది నుంచి వచ్చిన కిరణాలు ఫిల్ము అంచు రంధ్రాల వరుస మీదుగా పడి వేసిన ముద్రలని వివరిస్తారు. నా అనుభవంలో అది నమ్మదగిన వివరణే, ఎందుకంటే చారల మధ్య దూరం ఆ రంధ్రాల వరుసతో కుదురుతుంది.

డాక్యుమెంటరీ దర్శకుడు వ్లదీమిర్ షెవ్‌చెంకో కథ దీనికి దగ్గరే. 1986లో అక్కడ తీసిన ఫిల్ము కడిగాక కొన్ని షాట్ల నిండా తెల్లటి మెరుపులు, సౌండ్‌ట్రాకులో చిటపటలు కనిపించాయి, వినిపించాయి. ముందు ఫిల్ము చెడిపోయిందనుకున్నారు. తరువాత అది రేడియేషన్ అని గ్రహించి, ఆ ముక్కలను తీసేయకుండా ఉంచి, ఇదే దాని రూపం అని వ్యాఖ్యానంలో చెప్పారు. నెగటివ్ మీద నల్లచుక్క పడితే ప్రింటులో తెల్లచుక్క అవుతుంది, అందుకే అవి మెరుపుల్లా కనిపిస్తాయి. షెవ్‌చెంకో ఏడాది తిరగకుండానే, 1987లో చనిపోయాడు.

అయితే చెర్నోబిల్ పేరు చెప్పగానే ప్రతి గరుకు ఫొటోనూ రేడియేషన్ ఖాతాలో వేయకండి. ‘ఏనుగు పాదం’ అని పిలిచే గడ్డకట్టిన ఇంధన ముద్ద పక్కన ఒక మనిషి దెయ్యంలా పారదర్శకంగా కనిపించే 1996 నాటి ఫొటో ఇంటర్నెట్ అంతా తిరుగుతుంది. రేడియేషన్ వల్లే మనిషి అలా కరిగిపోయినట్టు పడ్డాడని రాసేస్తారు. చీకటి గదిలో షట్టరు చాలాసేపు తెరిచి ఉంచితే, మధ్యలో కదిలిన మనిషి అలాగే పడతాడు. మీ హాస్టల్ గదిలో తీసినా పడతాడు.

మా పనిలో కొత్తగా చేరినవాళ్లకు మొదట నేర్పేది పగులును గుర్తించడం కాదు, పగులు కానిదాన్ని గుర్తించడం. చలికాలంలో పొడిగాలికి ఫిల్మును సర్రున లాగితే స్థిర విద్యుత్తు పుట్టి ఆకు రాలిన చెట్టుకొమ్మల్లాంటి నల్లగీతలు వస్తాయి. గోరు ఒత్తుకుంటే చిన్న నెలవంక పడుతుంది. డెవలపర్ కంటే ముందు ఫిక్సర్ చుక్క చిందితే తెల్లటి బొట్టు. గడువు తీరినదో, వేడి తగిలినదో అయితే షీటంతా సమానంగా బూడిదరంగు, దాన్నే ఫాగ్ అంటాం. రేడియోధార్మిక రేణువు వేసే చుక్క వేరుగా ఉంటుంది. నడుమ చిక్కగా, అంచులకు పోయేకొద్దీ పలచగా, ఎక్కడ ముగిసిందో చెప్పలేనట్టుగా. ఇంకా అనుమానంగా ఉంటే ఒకే కవరులో రెండు ఫిల్ములు జంటగా పెడతాం. నిజమైన ముద్ర రెండింటి మీదా ఒకే చోట వస్తుంది, గోరు ముద్ర రాదు. ఏ గ్యాలరీలో ఏ చుక్కల బొమ్మ చూసినా నేను మనసులో మొదట అడిగే ప్రశ్న ఇదే: రెండో ఫిల్ము ఉందా?

2011 మార్చిలో ఫుకుషిమా ప్రమాదం తరువాత ఈ పద్ధతిని కళాకారులు బాగా అందిపుచ్చుకున్నారు. ఫుకుషిమాలోనే పుట్టిన షింపెయ్ టకెదా 2012లో పుట్టుకకూ చావుకూ ముడిపడిన 12 చోట్ల నుంచి మట్టి సేకరించాడు: పాత గుళ్లు, కోట, యుద్ధం జరిగిన నేల, తాను పుట్టిన ఊరు. వెలుతురు చొరబడని పెట్టెల్లో ఆ మట్టిని ఫిల్ము షీట్ల మీద నెలపాటు ఉంచాడు. కొన్నింటి మీద దాదాపు ఏమీ రాలేదు. నిహొన్‌మత్సు కోట మట్టి వేసిన బొమ్మ మాత్రం అమావాస్య ఆకాశంలా నిండుగా చుక్కలతో ఉంటుంది. చాలా అందంగా ఉంటుంది, నా ఇబ్బంది కూడా అక్కడే. దాన్ని నక్షత్రాల బొమ్మ అనుకుని డ్రాయింగ్ రూములో పెట్టుకున్నా ఎవరికీ తేడా తెలియదు. పక్కన ఊరి పేరు, మట్టి తీసిన తేదీ, ఫిల్ము మీద ఉంచిన వ్యవధి రాసినప్పుడే అది సాక్ష్యం అవుతుంది. టకెదా ఖాళీగా వచ్చిన షీట్లను కూడా కలిపి చూపించాడు కాబట్టి ఆయన పనిని నేను గౌరవిస్తాను.

నాకు ఇంకా నచ్చినది ఫొటోగ్రాఫర్ మసమిచి కగయా, టోక్యో విశ్వవిద్యాలయ విశ్రాంత ఆచార్యుడు సతోషి మోరి కలిసి చేసిన పని. వాళ్లు ఫిల్ము బదులు ఇమేజింగ్ ప్లేటు వాడారు. రేడియేషన్ శక్తిని పట్టి ఉంచుకుని, లేజరు తగిలినప్పుడు వెలుగుగా వదిలే పలక అది. ఖాళీ చేసిన ఊళ్లలో దొరికిన వస్తువులను ఒక్కొక్కటిగా దాని మీద పెట్టారు. ఇంట్లో వేసుకునే చెప్పులు, చేతి తొడుగులు, కత్తెర, ఒక పక్షి. తొడుగును మామూలు ఫొటోలో చూస్తే తొడుగే. పలక మీద మాత్రం అరచేతి వైపు, వేళ్ల చివర, అంటే మట్టిని, కొమ్మలను పట్టుకున్న చోట్ల, గుత్తులుగా నల్లచుక్కలు. ఎవరి చెయ్యి ఏ పని చేసిందో కూడా అందులో చదవవచ్చు. మామూలు ఫొటో, ఆటోరేడియోగ్రాఫ్ పక్కపక్కన ఉంచడం వల్ల చూసేవాడికి కథ చెప్పనక్కరలేదు. ఈ బొమ్మలకు తేదీ తప్పనిసరి కావడానికి ఇంకో కారణం ఉంది. అక్కడ పడిన సీజియం-134 రెండేళ్లలో సగమవుతుంది, సీజియం-137కు 30 ఏళ్లు పడుతుంది. అదే తొడుగును పదేళ్ల తరువాత అదే పలక మీద అంతేసేపు పెడితే బొమ్మ వేరు.

యోయ్ కవకుబో ఇంకో అడుగు వేసి, ఫుకుషిమా కలుషిత నేలలోనే కలర్ ఫిల్మును నెలల తరబడి పాతిపెట్టాడు. బయటికి తీస్తే ఎరుపు, నీలం పొరలు. వాటికి పెట్టిన పేరు మనవాళ్లకు పరిచయమే: ‘దివి సూర్యసహస్రస్య’ అనే గీతా శ్లోకానికి ఇంగ్లీషు అనువాదం, ఓపెన్‌హైమర్ పేరుతో ముడిపడి ప్రపంచమంతా తిరిగినది. బొమ్మలు బాగుంటాయి కానీ, మట్టిలో తేమ, సూక్ష్మజీవులు కూడా రంగు పొరలను తినేస్తాయి. అందులో రేడియేషన్ వాటా ఎంతో ఫిల్మును చూసి నేను విడదీయలేను. బ్రెజిల్ కళాకారిణి అలీస్ మిచెలి బెలారుస్ వైపు నిషిద్ధ ప్రాంతంలో ఎక్స్‌రే ఫిల్ములను నెలల పాటు వదిలేసి తెచ్చిన మసక బొమ్మలను 2010లో సావో పాలో బియెనాల్‌లో ప్రదర్శించింది. అవీ ఈ కోవలోవే.

ఇదంతా ఒక దారి: రేడియేషన్ చేతే బొమ్మ గీయించడం. ఈ దారికి ఒక హద్దు ఉంది. చుక్క ‘ఇక్కడ ఉంది’ అని చెబుతుంది. ఎంత ప్రమాదమో, ఎవరికి ఏమైందో, ఎవరు బాధ్యులో చెప్పదు. ఆ పని చేయాలంటే రెండో దారి పట్టాలి. కెనడాలో ఉండే రాబర్ట్ డెల్ ట్రెడిచి 1980ల్లో అమెరికా బాంబుల కర్మాగారాల చుట్టూ తిరిగి, కంచెలు, పనివాళ్లు, పక్క ఊళ్ల రైతులను ఫొటోలు తీశాడు. ఆయన బొమ్మల్లో ఒకదానిలో ఒక చెయ్యి గాజు బంతిని పట్టుకుని ఉంటుంది. నాగసాకి బాంబులోని ప్లుటోనియం గుండు ఆ సైజులో ఉండేది, సుమారు 6 కిలోలు. ఏ చుక్కా లేదు, ఏ పొగా లేదు, అయినా అరచేతిలో పట్టే వస్తువు ఒక నగరాన్ని ఏం చేసిందో లెక్క తెలిసిపోతుంది. 1987లో ఇలాంటి ఫొటోగ్రాఫర్లను కలుపుకుని ఆయన ఒక సంఘం కూడా పెట్టాడు.

జపాన్ కళాకారుడు ఇసావో హషిమోతో 2003లో ఇంకా పొదుపుగా చేశాడు. ప్రపంచ పటం, అంతే. నెలకు ఒక సెకను చొప్పున కాలం నడుస్తుంది. 1945 నుంచి 1998 దాకా జరిగిన 2,053 అణు విస్ఫోటనాలు ఒక్కొక్కటీ ఒక మిణుకు, దేశానికో స్వరం. మొదట్లో విసుగు పుట్టేంత నెమ్మది. 1960ల మొదట్లోకి వచ్చేసరికి స్వరాలు ఒకదాని మీద ఒకటి పడి చెవికి మోతగా మారుతుంది. మన దేశం మీద వెలుగు మొదట 1974లో మిణుకుమంటుంది. మాటలు లేవు కాబట్టి మీ అమ్మమ్మకు చూపించినా అర్థమవుతుంది.

పూర్తిగా వ్యతిరేక దిశలో వెళ్లినవాళ్లూ ఉన్నారు. 2015 మార్చి 11న ఫుకుషిమా నిషిద్ధ ప్రాంతంలోని ఖాళీ ఇళ్లలో కొందరు కళాకారులు ఒక ప్రదర్శన ‘ప్రారంభించారు’. ప్రజలను లోపలికి అనుమతించేదాకా ఎవరూ వెళ్లి చూడలేని ఏర్పాటు అది. ముందు చమత్కారంలా అనిపించినా, ఇల్లు వదిలి వెళ్లినవాళ్ల పరిస్థితిని అంత సూటిగా చెప్పిన పద్ధతి ఇంకొకటి నాకు తట్టదు.

చిత్రకారుల్లో స్విట్జర్లాండ్‌కు చెందిన కొర్నేలియా హెస్సె-హొనెగర్‌ను తప్పక చూడండి. శాస్త్ర చిత్రకారిణిగా పనిచేసిన ఈమె 1987లో చెర్నోబిల్ ధూళి పడిన స్వీడన్ ప్రాంతాలకు వెళ్లి ఆకు నల్లుల్లాంటి పురుగులను ఏరి, మైక్రోస్కోపు కింద పెట్టి నీటిరంగుల్లో వేసింది. ఒక రెక్క పొట్టిగా, ఒక మీసకణుపు వంకరగా. తరువాత మామూలుగా నడుస్తున్న అణు కేంద్రాల చుట్టూ కూడా అదే చేసింది. శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు: ధూళి పడని చోట అంగవైకల్యం ఉన్న పురుగులు ఎన్ని ఉంటాయో పోల్చకుండా ఎలా? అది న్యాయమైన ప్రశ్నే. కానీ ఎవరూ వంగి చూడని చోట ఆమె వంగి చూసింది. ఆ బొమ్మల విలువ నాకు అక్కడ కనిపిస్తుంది, రుజువులో కాదు.

ఈ పోలిక ప్రశ్న మన దేశానికి వచ్చేసరికి మరింత పదునెక్కుతుంది. జార్ఖండ్‌లోని జాదూగోడా యురేనియం గనుల చుట్టూ వచ్చిన ఫొటో కథల్లో ఎక్కువ భాగం వైకల్యం ఉన్న పిల్లల ముఖాలే. బయటి నుంచి వచ్చి రెండు రోజుల్లో ముఖాలు తీసుకుని వెళ్లిపోయే పద్ధతి నాకు నచ్చదు. ఒక్క ఫొటో కారణాన్ని నిరూపించదు, పైగా ఆ బిడ్డ జీవితాంతం ఒక వాదనకు గుర్తుగా మిగిలిపోతుంది. అదే ఊరివాడైన హో ఆదివాసీ ఫొటోగ్రాఫర్ ఆశీష్ బిరులీ, ఖనిజం శుద్ధి చేశాక మిగిలే వ్యర్థాలను నింపే చెరువును, అంటే టెయిలింగ్ పాండ్‌ను, దాని పక్కన నడిచే దారులను, రోజువారీ బతుకును చూపిస్తాడు. తేడా మీకే తెలుస్తుంది.

ఇప్పుడు తుమ్మలపల్లి. అక్కడి ఖనిజం తక్కువ గ్రేడుది, ఫిల్ము మీద ముద్ర రావడానికి చాలా కాలం పడుతుంది, రాకపోనూ వచ్చు. రాకపోతే ‘ఏమీ లేదు’ అని ఎవరో ఒకరు మీ ఖాళీ షీటునే సాక్ష్యంగా చూపిస్తారు. అంతకంటే ముఖ్యం, టెయిలింగ్ పాండ్ చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నది ప్రధానంగా బోరు నీళ్ల గురించి, అరటి తోటల గురించి. తాగునీటిలో యురేనియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 30 మైక్రోగ్రాములు, అదీ ముఖ్యంగా మూత్రపిండాలకు రసాయనంగా చేసే హాని దృష్ట్యా. ఆ మోతాదును ఏ ఫిల్మూ చూపలేదు, దానికి ప్రయోగశాల నివేదిక కావాలి. అనుమతి లేకుండా గని పరిసరాల్లో నమూనాలు ఎత్తితే చట్టపరమైన చిక్కులు రావచ్చు, ధూళి పీల్చే ప్రమాదం ఎటూ ఉంటుంది. అక్కడికి వెళ్తే మట్టి వదిలేయండి. బోరు దగ్గర ఉప్పు పేరుకున్న డ్రిప్పు పైపును, ఎండిన గెలను, రైతు దాచుకున్న నీటి పరీక్ష కాగితాన్ని, ఆయన అనుమతితో ఫొటో తీయండి. తేదీ రాయండి.

ఆటోరేడియోగ్రాఫ్ చేయి తిరగాలంటే ఇంట్లోనే చేయవచ్చు. పెట్రోమాక్స్ దీపానికి వేసే పాతరకం మాంటిల్‌లో థోరియం ఉంటుంది. మన భీమిలి తీరపు ఇసుకలో దొరికే మోనజైటులో ఉండేదీ అదే. ఇప్పుడు థోరియం లేని మాంటిళ్లు కూడా వస్తున్నాయి కాబట్టి కొనేటప్పుడు అడగండి. వెలిగించని కొత్తది తీసుకుని, ప్యాకెట్ విప్పకుండా, పలచటి పాలిథిన్ కవరులో వేసి అంచులు అతికించేయండి. కాలిస్తే బూడిద గాలిలోకి లేస్తుంది, ఆ పని అస్సలు వద్దు. డార్క్‌రూమ్‌లో రెండు ఎక్స్‌రే ఫిల్ములను జంటగా నల్ల కవరులో పెట్టి, పైన మాంటిల్, దాని మీద బరువుకు ఒక పుస్తకం. అదే డబ్బాలోని మూడో ఫిల్మును మాంటిల్ లేకుండా వేరే గదిలో, అదే వేడిలో ఉంచండి. రెండు వారాల తరువాత మూడింటినీ ఒకేసారి, ఒకే డెవలపర్‌లో కడగండి. మాంటిల్ నేత అల్లిక మసగ్గా తేలాలి. మొదటి ఫిల్ము మీద స్పష్టంగా, రెండోదాని మీద కాస్త తక్కువగా, మూడోదాని మీద ఏమీ లేకుండా ఉంటే సరిగ్గా చేసినట్టే. మూడోది కూడా బూడిదరంగు తిరిగితే డబ్బా గడువు తేదీ చూడండి. మూడు షీట్లనూ ఒకే లైట్ బాక్స్ మీద పక్కపక్కన పెట్టి ఫొటో తీసి పంపండి, చూసి చెబుతాను.